గాలమ్మ కొన్న గేజి

వ్యాన్లు పిల్లల్ని బడిలో దింపి తిరిగొచ్చి యార్డులో వరసగా నిలబడగానే సూపర్‌వైజరు తన గదిలోంచి బయటికొచ్చాడు. చంకలో రిజిస్టరు, చేతిలో నల్ల పెట్టె. పెట్టెలో పసుపు గుడ్డ, గుడ్డలో టైర్ల గాలి కొలిచే గేజి. ఆ గుడ్డ మడతలు విప్పే తీరు చూస్తే లోపల నిద్రపోతున్న పసిబిడ్డ ఉందేమో అనుకోవాలి.

ఏడో నంబరు వ్యాను వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని వాల్వు మూత తీశాడు. గేజి నిటారుగా అదిమి పట్టాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి ముల్లు వంక చూశాడు.

"యాభై ఐదు," అన్నాడు. అని, గేజి పక్కనున్న బొత్తాం నొక్కాడు. బుస్సుమని గాలి బయటికొచ్చింది. ముల్లు యాభై దగ్గరికి వచ్చేదాకా నొక్కి, వదిలేసి, మూత బిగించి, రిజిస్టరులో ఏదో రాసుకున్నాడు.

గాలమ్మ రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఆ బుస్సు వింటోంది. అది తెల్లారకముందు తను పట్టిన గాలి. పన్నెండు వ్యాన్లు, నలభై ఎనిమిది చక్రాలు. ఒక్కోదాని దగ్గర మోకాళ్ల కింద పాత ట్యూబు ముక్క వేసుకుని కూర్చుని, మూత తీసి కొంగు చివర ముడేసి, గాలి పట్టి, తడి వేలు వాల్వు మీద పెట్టి బుడగ రావడం లేదని చూసుకుని, మళ్లీ మూత బిగించి లేస్తుంది. ఆమెకు ఇంటి దగ్గర వేరే పేరుంది. యార్డులో మాత్రం గాలి పట్టే మనిషి గనక గాలమ్మ. మొదట్లో డ్రైవర్లు వెక్కిరింపుగా పెట్టిన పేరే. ఇప్పుడు జీతం కాగితం మీద తప్ప అన్నిచోట్లా అదే.

"ఇటు రండమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. "నేను రాసిపెట్టడం మొదలెట్టి ఇవాళ్టికి పదకొండు రోజులు. వరసగా. యాభై పెట్టమని గోడ మీద ఇంతింత అక్షరాలతో రాయించాను. మీరు యాభై ఐదు పెడుతున్నారు."

"యాభయ్యే పెట్టాను సార్."

"మరి నా గేజి అబద్ధం చెబుతోందా?"

"మీ గేజి సంగతి నాకు తెలీదు సార్. నా చెయ్యి సంగతి నాకు తెలుసు."

"చెయ్యి కొలత కాదమ్మా," అన్నాడాయన. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. వచ్చి రెండు నెలలైంది, ఎవరినీ నువ్వు అన్నది లేదు. "పసిపిల్లలెక్కే బండ్లు. గాలి ఎక్కువై దారిలో టైరు పేలిందనుకోండి, ఎవరు జవాబు చెప్పాలి? వచ్చే సోమవారం నుంచి మీరు బండ్లు కడిగే చోటికి వెళ్లండి. జీతంలో తేడా రాదు. గాలి పనికి ఇంకో మనిషిని మాట్లాడతాను. ఇది చదివి సంతకం పెట్టండి."

గాలమ్మ రిజిస్టరు అందుకుంది. ఆమె చదవడం వేలు పెట్టి, ఒక్కో అక్షరాన్నీ పలకరిస్తూ సాగుతుంది. తొందరపెడితే మళ్లీ మొదటికొస్తుంది. సూపర్‌వైజరు తొందరపెట్టలేదు. 'గాలి ఎక్కువ' అని ఉంది. దాని పక్కన 'అజాగ్రత్త' అని ఉంది. ఆ మాట మీద వేలు ఆగిపోయింది. కాసేపటికి వేలు తీసి కింద సంతకం పెట్టింది.

బండ్లు కడగడం తక్కువ పనేమీ కాదు. అద్దాలు కూడా మెరుస్తాయి, చూసేవాళ్లకి కంటికింపుగానూ ఉంటుంది. కానీ చీకటి విడిపోయే వేళ యార్డంతా తనదైపోయినట్టు ఒక్కో చక్రాన్నీ తట్టుకుంటూ పోవడం, ఏడు గంటలకి పన్నెండు బండ్లూ గేటు దాటుతుంటే ఆ చక్రాలు నేల మీద నిండుగా ఆని దొర్లడం చూడటం, ఇంకెక్కడ దొరుకుతుంది? ఆపైన, తనంతట తను వెళ్లడం వేరు, అజాగ్రత్త మనిషివని పంపించడం వేరు.

ఏడో నంబరు డ్రైవరు ఈల వేసుకుంటూ వచ్చాడు. వాడి నోటికి మాట కంటే ఈల ముందొస్తుంది కాబట్టి అందరూ ఈలన్న అంటారు. చక్రాన్ని మడమతో ఒక్క తన్ను తన్నాడు.

"నా మడమ చాలదూ అక్కా, ఈ గేజీలన్నీ దేనికి?"

"నీ మడమ చెబితే రిజిస్టరులో రాస్తారా?"

"రాయకపోతే పోయె. నాకొకటి అంతుబట్టడం లేదు. పొద్దున బడికెళ్లేటప్పుడు స్టీరింగు వెన్నలా తిరుగుతుంది. సాయంత్రం పిల్లల్ని తీసుకొచ్చేటప్పుడు తిరగలి తిప్పుతున్నట్టుంటుంది. రెండు నెలలుగా ఇదే వరస."

"సాయంత్రానికి నీ చేతులు అలిసిపోతాయిరా."

"అలిసిపోవడానికి నేనేమన్నా గాలి పడుతున్నానా!" అని నవ్వి, మళ్లీ ఈలందుకున్నాడు.

గాలమ్మ వంగి ముందు చక్రం మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ రాసింది. రెండు అంచులూ కొద్దిగా నున్నబడ్డాయి. నడుమ గాట్లు బాగానే ఉన్నాయి. గాలి ఎక్కువైతే నడుమ అరగాలి. అంచులు అరుగుతున్నాయంటే గాలి చాలడం లేదన్నమాట. చాలకపోవడమేమిటి, ఎక్కువైందనేగా పెద్దమనిషి గోల?

ఇంటికెళ్లేసరికి వదిన కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టుకు చేతులు అతుకుతోంది. అన్న భార్య. రెండు వాటాల ఇంట్లో ముందు వాటా వాళ్లది, వెనక వాటా గాలమ్మది. మధ్య గోడకి తలుపుందిగాని అది మూసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

"ఏమే మరదలా, మొహం పంక్చరైన టైరులా వేలాడేశావ్?" అంది వదిన, పళ్ల మధ్య దారం పట్టుకునే.

గాలమ్మ గుమ్మంలో కూలబడి జరిగింది చెప్పింది. వదిన మిషను ఆపలేదు. అంతా విని, దారం కొరికి, అప్పుడు తలెత్తింది.

"ఆయన దగ్గర గేజి ఉంది. నీ దగ్గరేముంది?"

"పైపుకి తగిలించిన పాత గేజి ఉందిగా."

"అద్దం పగిలి, పైన టేపు అంటించిందేగా నువ్వు చెప్పేది? దాన్ని పట్టుకుని ఎవరితో వాదిస్తావు? ఇదిగో, ఈ టేపు చూడు." మెడలో వేలాడుతున్న కొలత టేపు తీసి చూపించింది. "ఏడాదికోసారి దీన్ని ఇనప స్కేలు పక్కన పెట్టి చూస్తాను. సాగితే అవతల పారేస్తాను. నడుము పట్టేసిందని ఏ మహాతల్లయినా నా మీదికొస్తే, మళ్లీ కొలిచి చూపిస్తాను. తప్పు టేపుదో, ఆమె నడుముదో అక్కడే తేలిపోతుంది. నీ కొలత నీ చేతిలో లేకుండా నోరెత్తకు. రేపు నాతో రా, మంచి గేజి ఒకటి కొనుక్కుందాం."

"దేనికి వదినా, సోమవారం నుంచి చీపురూ బకెట్టేగా."

"అయితే బకెట్టులో వేసుకుందువుగాని, రా."

మర్నాడు పని దిగాక ఇద్దరూ బండ్ల సామాన్లు అమ్మే వీధికి వెళ్లారు. కొట్టతను సన్నగా పొడుగ్గా ఉన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి టైరు గేజి కావాలనగానే ముందు వాళ్ల వెనక ఎవరన్నా మగమనిషి వస్తున్నాడేమోనని తొంగి చూశాడు. ఎవరూ లేకపోయేసరికి పెన్నులాంటి గేజి ఒకటి తీసి గల్లా మీద పెట్టాడు.

"ఇది చాలమ్మా. సైకిలుకీ స్కూటరుకీ అన్నిటికీ ఇదే పట్టుకెళ్తారు."

"పిల్లల్ని తీసుకెళ్లే వ్యానుకి బాబూ. యాభై చూడాలి," అంది గాలమ్మ. "బయట నీ సామాన్ల బండి ఉందిగా. దానికి పెట్టి చూడనా?"

అతను తలూపాడు. ముగ్గురూ బయటికొచ్చారు. గాలమ్మ అలవాటుగా మూత తీసి కొంగున ముడేసింది. పెన్ను గేజి అదమగానే వెనకనుంచి సన్నటి పుల్ల బయటికొచ్చింది. నలభై ఎనిమిది. తీసి మళ్లీ పెట్టింది. యాభై ఒకటి. మూడోసారి యాభై.

"ఒక్క టైరుకి మూడు మాటలా?" అంది వదిన. "మా ఆడపడుచు నయం, ఒకే మాట మీద ఉంటుంది, అది తప్పైనా సరే."

"నేనే గదా నీ ఆడపడుచుని!"

"అందుకేగా అంటున్నది."

కొట్టతను నవ్వి, ఈసారి అంకెలు వెలిగే గేజి తెచ్చాడు. అది మూడుసార్లూ ఒకే అంకె చూపించింది. గాలమ్మకు నచ్చింది. ఎండలోకి తిప్పి చూస్తే అంకె కనబడలేదు, చెయ్యి అడ్డం పెట్టి చూడాల్సొచ్చింది. ఒక చెయ్యి గేజి పట్టుకుని, ఒక చెయ్యి నీడ పట్టుకుంటే, పైపు ఎవరు పట్టుకోవాలి?

"ఇందులో బ్యాటరీ అయిపోతే?"

"మార్చుకోవాలమ్మా."

"తెల్లారుజామున అయిపోతే ఎక్కడ మార్చుకోను? తప్పు చెప్పేది కాదు, మంచిదే. నా పనికి పొసగదు. ముల్లున్నది చూపించు."

ముల్లు గేజీలు రెండు తెచ్చాడు. ఒకటి పెద్దది, నూట అరవై దాకా ఉంది. లారీలకి వాడతారన్నాడు. గాలమ్మ దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. అంకెలు ఇరుకిరుగ్గా ఉన్నాయి. ఐదుకో గీత. యాభై ఎక్కడో ఒక మూల నక్కి ఉంది. రెండోది నూరు దాకానే. ఒక్కో అంకెకీ ఒక్కో గీత. యాభై నడినెత్తిన, గోడగడియారంలో పన్నెండు ఉండే చోట, సూటిగా నిలబడి ఉంది. జానెడుకి పైగా రబ్బరు గొట్టం. చుట్టూ చెయ్యి జారినా దెబ్బ తగలకుండా మందపాటి తొడుగు. కొన ఇత్తడిది.

వాల్వుకు అదిమింది. యాభై. తీసేసింది. ముల్లు వెనక్కి పోలేదు, యాభై మీదే నిలబడింది.

"ఆగిపోయిందేం?"

"ఆగిపోలేదమ్మా, ఆపుకుంటుంది. మీరు తీరిగ్గా వెలుతురులోకి తెచ్చుకుని చూసుకోవచ్చు. ఈ బొత్తాం నొక్కితే మళ్లీ సున్నాకి వెళ్తుంది. వాల్వు మీద ఉండగా నొక్కితే ఎక్కువైన గాలి పోతుంది."

నొక్కింది. ముల్లు సరిగ్గా సున్నా గీత మీదకొచ్చి ఆగింది. రెండోసారి పెట్టింది, యాభై. మూడోసారి, యాభై. నాలుగోసారి కావాలని గొట్టం కొన కొంచెం వాల్చి పెట్టింది. చుయ్యిమని గాలి కారి ముల్లు నలభై ఏడు దగ్గర ఆగింది. నిటారుగా పెట్టింది, యాభైకి ఒక్క వెంట్రుక తక్కువ. కారిన గాలి కూడా లెక్క చెప్పింది. గాలమ్మ మొహం విచ్చుకుంది.

"దీన్ని సరిచూసిన కాగితమేమన్నా ఉందా?"

కొట్టతను పెట్టె అడుగునుంచి మడిచిన కాగితం తీశాడు. గేజి వీపు మీదున్న నంబరూ కాగితం మీది నంబరూ ఒకటేనా అని గాలమ్మ వేలు పెట్టి అంకె అంకే పోల్చి చూసింది.

"పెళ్లికొడుకునైనా ఇన్ని ప్రశ్నలు అడగరమ్మా," అన్నాడతను.

"అడక్కపోబట్టే మా అన్న దొరికాడు మా వదినకి," అంది గాలమ్మ. వదిన ఆమె వీపు మీద ఒక్కటేసింది. సోమవారం నుంచి ఉండని పనికి ఇంత ఖరీదు పెట్టి కొనడం తెలివితక్కువేమో. అయినా ఇంటికొచ్చేదాకా ఆ పెట్టెను సంచిలో వేయకుండా చేతిలోనే పట్టుకుని నడిచింది.

బుధవారం తెల్లారగట్ట యార్డులోకి వెళ్లగానే ఏడో నంబరుకి కొత్త గేజి పెట్టింది. నలభై ఐదు. మూడో నంబరుకి పెట్టింది. నలభై ఐదు. రోజూ పైపు గేజి చూపించే అంకే. రోజూ ఐదు పట్టాలి, పట్టింది. పట్టాక పైపుకున్న పగిలిన గేజి యాభై అంది, కొత్తదీ యాభై అంది. నీ అద్దం పగిలిందిగాని బుద్ధి చెడలేదే అని పాతదాన్ని ఒకసారి నిమిరింది. అంటే తప్పంతా పసుపు గుడ్డలో పడుకున్న ఆ గేజిదే. ఆమెకు ఒళ్లంతా తేలికైంది.

ఆ మాట ఈలన్నతో అంది. అనకుండా ఉండాల్సింది. తొమ్మిదిన్నరకి వ్యాన్లు తిరిగొచ్చేసరికి పన్నెండు మంది డ్రైవర్లకీ తెలిసిపోయింది. ఎవరూ టీ తాగడానికి వెళ్లలేదు. ఏడో నంబరు చుట్టూ ఊరికే నిలబడ్డట్టు నిలబడ్డారు.

"సార్, ఇవాళ ఒక్కసారి నా దానితో కూడా చూద్దాం," అంది గాలమ్మ.

సూపర్‌వైజరు ఆ గేజి అందుకుని తిప్పి చూశాడు, బొత్తాం నొక్కి సున్నా చూశాడు, కాగితం చదివాడు. వంక పెట్టలేదు. ముందు తనది పెట్టాడు. యాభై ఐదు. పక్కకు జరిగాడు. గాలమ్మ మోకాళ్ల మీద కూర్చుని, నిటారుగా, శబ్దమన్నది రాకుండా అదిమి, తీసి, వెలుతురులోకి తిప్పింది.

యాభై ఐదు.

అందరూ చూశారు. ముల్లు కదలకుండా అక్కడే నిలబడింది. ఆ గుణం చూసే కొంది దాన్ని. గబుక్కున బొత్తాం నొక్కేయాలనిపించింది, వేలు రాలేదు. ఈలన్న ఈల మధ్యలో తెగిపోయింది.

"మంచిది కొన్నారమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే బాగుండేది. ఆయన తన గేజితో ఐదు తీసేసి, మూత బిగించి, పక్క చక్రానికి వెళ్లాడు. డ్రైవర్లు ఒక్కొక్కరే టీ గుర్తొచ్చినట్టు జారుకున్నారు.

గాలమ్మ ఎవరి మొహమూ చూడలేక షెడ్డులోకి పోయింది. అక్కడ తొమ్మిదో నంబరు గేరుపెట్టె ఊడదీసి నిలబెట్టి ఉంది. సోమవారం మధ్యాహ్నం నుంచి అది కదల్లేదు. కదలని బండి అని సూపర్‌వైజరు దాని జోలికి రావడం లేదు. గాలమ్మ మాత్రం మంగళవారం పొద్దున అలవాటు చొప్పున దానికీ గాలి పట్టింది. ఆ చక్రానికి వీపు ఆనించి నేల మీద కూర్చుని సీసాలో నీళ్లు తాగింది. తను యాభై పట్టింది. తన కళ్లతో చూసింది. రెండు గేజీలూ నిజమే చెబుతున్నాయి. మరి ఈ ఐదు ఎక్కణ్నుంచి ఊడిపడింది? తనకు తెలియకుండా తన చెయ్యే తప్పు చేస్తోందా? అజాగ్రత్త. ఆ మాట మళ్లీ కళ్ల ముందు కూర్చుంది.

చేతులు ఊరికే ఉండలేక వీపు వెనకున్న చక్రానికి గేజి పెట్టింది. యాభై.

సీసా పక్కన పెట్టి, మిగతా మూడు చక్రాలకీ పెట్టింది. ముందు రెండూ వెనక రెండూ యాభై, యాభై, యాభై, యాభై. వీటికి పట్టిందీ ఈ చెయ్యే.

లేచి ఏడో నంబరు దగ్గరికి నడిచింది. టైరు మీద అరచెయ్యి వేసి, చప్పున తీసింది. వెచ్చగా ఉంది, కాగిన పొయ్యి రాయిలా. మళ్లీ షెడ్డులోకెళ్లి తొమ్మిదోదాని మీద వేసింది. చల్లగా ఉంది. అలా రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. చూసేవాళ్లకి పిచ్చిపట్టిందనిపించేదే. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, బండ్లు చల్లారి నిద్రపోతున్న వేళ, ఏడో నంబరుకి మళ్లీ గేజి పెట్టింది. సూపర్‌వైజరు యాభై చేసి వదిలిన చక్రం. నలభై ఐదు, ఒక్క గీత అటూ ఇటూ. సాయంత్రం ఈలన్న తిప్పే తిరగలి ఇదే. తెల్లారి తను చూసే నలభై ఐదూ ఇదే.

ఇంటికొచ్చి చెబితే వదిన కత్తెర కింద పెట్టింది.

"ఇందులో వింతేముందే? నేను బజారంతా తిరిగొస్తే కాళ్లు ఉబ్బి చెప్పులు బిగుస్తాయి. కాసేపు కూర్చుంటే మామూలైపోతాయి. మీ టైర్లకీ అంతేనన్నమాట. పరుగెత్తినవి ఉబ్బాయి, కూర్చున్నది అలాగే ఉంది. ఉబ్బినప్పుడు కొలిచి, ఇంత కాలేమిటని కోసేస్తున్నాడు మహానుభావుడు!"

"రెండు నెలల నుంచి నేను పెట్టడం, ఆయన తీయడం."

"ఇద్దరూ కష్టపడ్డారు పాపం," అంది వదిన. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు.

నవ్వినంత తేలిక కాలేదు చెప్పడం. గురువారం సూపర్‌వైజరు గది గుమ్మంలో నిలబడి గాలమ్మ ముందుగా అనుకున్న మాటలన్నీ మర్చిపోయింది.

"సార్, మీ గేజి పట్టుకుని ఒక్కసారి షెడ్డులోకొస్తారా?"

వచ్చాడు. తొమ్మిదో నంబరుకి పెట్టాడు. నాలుగు చక్రాలకీ.

"యాభై. ఎవరు పట్టారు?"

"నేనే సార్. మంగళవారం."

"అంటే మీకు చేతనవును. మరి మిగతావి..."

"ఇది కదల్లేదు సార్. అవి పరుగెత్తొచ్చాయి. చెయ్యేసి చూడండి, కాగుతుంటాయి. వేడికి పెరుగుతోంది."

ఆయన చెయ్యేయలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వేడికి కొంచెం పెరుగుతుందని నాకూ తెలుసు. ఒకటో రెండో. ఐదు పెరుగుతుందా? దీనికి మీరు జాగ్రత్తగా పట్టి, వాటికి తొందరలో పట్టి ఉండొచ్చుగా?"

గాలమ్మ కోపంతో ఏదో అనబోయి, నోట్లోనే మింగి, నెమ్మదిగా అంది.

"అయితే రేపు మీరే పట్టండి సార్. ఐదున్నరకి రండి. ఏడో నంబరుకి నేను చెయ్యి కూడా తగిలించను. మీ గేజితోనే చూసి, మీరే మూత బిగించండి."

సూపర్‌వైజరు ఆమె వంక చూశాడు. రెండు నెలల్లో ఆయన అలా చూడటం అదే మొదటిసారి.

"ఐదున్నరకా?" అన్నాడు. గేజిని పసుపు గుడ్డలో చుట్టుకుని వెళ్లాడు.

శుక్రవారం ఐదున్నరకి గేటు తెరుచుకుంది. తల దువ్వుకోలేదు, కాళ్లకి బూట్లు లేవు, చెప్పులేసుకుని వచ్చాడు. చంకలో నల్ల పెట్టె మాత్రం ఉంది. గాలమ్మ మారుమాట లేకుండా తన ట్యూబు ముక్క తీసి ఏడో నంబరు చక్రం దగ్గర వేసింది. దాని మీద మోకాళ్లు ఆనించి కూర్చుని ఆయన గేజి పెట్టాడు.

"నలభై ఐదు," అన్నాడు. ముల్లు వంక మళ్లీ చూసి, "నిన్న నేనే యాభై చేసి వదిలాను," అన్నాడు.

"అవును సార్."

"రాత్రికి ఎటు పోయింది?"

గాలమ్మ పైపు అందించింది. ఆయనకు అలవాటు లేని పని. పైపు కొన వాలి గాలంతా మొహాన కొట్టింది. జుట్టు లేచి నిలబడింది. నవ్వొస్తే గాలమ్మ అటు తిరిగి మూతి తుడుచుకుంది. "నిటారుగా సార్. ఎక్కువ అదమక్కర్లేదు, సూటిగా ఉంటే చాలు." నాలుగు చక్రాలకీ పట్టేసరికి ఆయన చొక్కా వీపున తడిసింది. నాలుగూ యాభై. మూతలు తనే బిగించాడు. బిగించి, లేచి, చేతులు దులుపుకుని వ్యాను తలుపు తీసి లోపలికెక్కాడు.

"ఎక్కడికి సార్?" అన్నాడు అప్పుడే వచ్చిన ఈలన్న, నోరు తెరిచి.

"బడికి," అన్నాడు సూపర్‌వైజరు.

ఆ ప్రయాణం సంగతి తర్వాత వారమంతా ఈలన్న కథలుగా చెప్పాడు. చివరి సీటులో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడట. బొద్దు మొహం పిల్ల ఒకతె పైకీ కిందికీ చూసి, "మీరు కొత్త ఆయానా?" అని అడిగిందట. కాదన్నాడట. "మరి మా బ్యాగులు ఎందుకు పట్టుకున్నారు?" అందట. అప్పటికి ఆయన ఒళ్లో నాలుగు బ్యాగులున్నాయట.

తొమ్మిదిన్నరకి ఏడో నంబరు వచ్చి నిలబడింది. ఎవరూ పిలవకుండానే డ్రైవర్లు చేరారు. గాలమ్మ రాలేదు. దూరంగా కంప్రెసరు దగ్గరే ఉండిపోయింది. కిందికి దిగిన సూపర్‌వైజరు ముందు అరచెయ్యి తీసి టైరు మీద వేశాడు. వేసి, ఉంచాడు. తర్వాత మూత తీసి గేజి అదిమాడు.

బొటనవేలు అలవాటుగా బొత్తాం మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. వెనక్కొచ్చింది.

"యాభై ఐదు," అన్నాడు, అందరికీ వినబడేలా. "పట్టింది నేను. దారిలో ఎవరూ ముట్టుకోలేదు." మూత బిగించాడు. గాలి తీయలేదు.

తన గదిలోకెళ్లి రిజిస్టరు తెచ్చి, కంప్రెసరు పక్కనున్న పీపా మీద పెట్టి, పేజీలు వెనక్కి తిప్పాడు. తను రాసినవాటి మీద స్కేలు పెట్టి ఒక్కో గీతా గీసి కొట్టేశాడు. పక్కన 'తనిఖీ వేళలో పొరపాటు' అని రాశాడు. గాలమ్మ వేలు పెట్టి చదివింది. అన్ని పేజీలూ చదివింది. ఆయన నిలబడే ఉన్నాడు.

"ఇక్కడ ఒకటి మిగిలిపోయింది సార్," అంది సోమవారం పేజీ చూపిస్తూ. 'గాలి ఎక్కువ' మీద గీత ఉంది. 'అజాగ్రత్త' మీద లేదు.

ఆయన స్కేలు పెట్టి దాన్నీ కొట్టేశాడు. రెండుసార్లు గీశాడు.

"సోమవారం నుంచి తనిఖీ ఐదున్నరకి," అన్నాడు. "మీరు పట్టకముందు, బండ్లు చల్లగా ఉండగా చూద్దాం. మీరు అంకె చెప్పండి, నేను రాస్తాను. ఆ ట్యూబు ముక్క ఇంకొకటి దొరుకుతుందా? నా మోకాళ్లు..."

"దొరుకుతుంది సార్. మెత్తటిది చూసి కోసిపెడతాను."

ఆయన వెళ్లలేదు. రిజిస్టరు మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూశాడు. గాలమ్మ కంప్రెసరు టాంకు కింద తూము తిప్పింది. అడుగున చేరిన నీళ్లు తుప్పు రంగులో బయటికి చిమ్మాయి. రోజూ ఆ నీళ్లు వదలకపోతే అవి గాలితో కలిసి టైర్లలోకి పోతాయి.

"ఇక్కడికి రాకముందు ఇంకోచోట ఆరేళ్లు చేశాను," అన్నాడాయన, ఆ నీళ్ల వంక చూస్తూ. "ముప్పై బండ్లు. అక్కడా ఇలాగే, తిరిగొచ్చాకే చూసేవాణ్ణి. గాలి పట్టే అతను మీలాగే అనేవాడు. నేను సరిగ్గానే పట్టాను సార్ అని. అతన్ని తీసి గేటు దగ్గర కూర్చోబెట్టాను."

గాలమ్మ తూము కట్టేసి లేచి నిలబడింది. పర్లేదు సార్ అనలేదు. అనడానికి అది తన మాట కాదు.

"ఇప్పటికీ అక్కడే ఉంటాడా?" అని మాత్రం అడిగింది.

సూపర్‌వైజరు జేబులోంచి ఫోను తీశాడు. నంబరు వెతికి, నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. కంప్రెసరు దడదడలాడుతోంది. ఆయన రెండో చెవిని అరచేత్తో మూసుకున్నాడు.

"ఆఁ, నేనేనండీ... బాగున్నాను. గేటు దగ్గర అతను ఉన్నాడా? లేదు లేదు, కబురు చెప్పడం కాదు. అతన్నే పిలవండి. నేనే మాట్లాడాలి." అవతల ఎవరో ఏదో అడిగారు. "ఏం లేదండీ. అప్పట్లో పొరపాటు అతనిది కాదు, నాది. ఆ ముక్క అతనికి చెప్పాలి. ఆఁ, ఉంటాను. ఎంతసేపైనా ఉంటాను."

గాలమ్మ చెయ్యి చాచి కంప్రెసరు ఆపేసింది. యార్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆయన చెవి మీద పెట్టుకున్న చెయ్యి తీసి, ఫోను గట్టిగా అదిమి పట్టుకుని, గేటు దగ్గరి మనిషి వచ్చేదాకా నిలబడ్డాడు.